కాగితంపై స్వాతంత్ర్యం: మచిలీపట్నం సంధి, ఉదయగిరి – ఆత్మకూరు సీమ

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చరిత్రలో సాధారణంగా రెండు ఘట్టాలు ప్రస్తావనకు వస్తుంటాయి. మొదటిది, 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి జయించడం. రెండవది, 1839లో ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ రాజద్రోహ నేరంపై పదవీచ్యుతుడు కావడం. ఈ రెంటి నడుమ జరిగిన ఒక ముఖ్య సంఘటన మాత్రం అంతగా చర్చకు రాలేదు. 1768 ఫిబ్రవరి 23న మచిలీపట్నంలో ఒక సంధి కుదిరింది. ఒక యుద్ధానికి ముగింపుగా వచ్చిన ఆ సంధి, ఈ సీమ చేరివున్న కర్ణాటక నవాబీని దక్కను సుబా అధీనం నుండి విడుదల చేసి, స్వతంత్ర రాజ్యంగా అంగీకరించింది. అది జరిగిన 33 సంవత్సరాలకే మరొక ఒప్పందం ఆ రాజ్యాన్ని పటం మీద నుండి తుడిచివేసింది.

సంధి ద్వారా లభించిన స్వాతంత్ర్యం సంధి ద్వారానే ఎందుకు పోయింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం ఒక నవాబు వంశపు కథ కాదు. పూర్వం పరాధీనంలో ఉండి యుద్ధానంతరం ఒప్పందాల ద్వారా విముక్తి పొందిన ప్రతి దేశమూ ఎదుర్కొన్న ప్రశ్న ఇది.

సీమ – అధికారం

ఇక్కడ కర్ణాటక అంటే నేటి కర్ణాటక రాష్ట్రం కాదు. పద్దెనిమిదవ శతాబ్దిలో కనుమల దిగువన తూర్పు తీరం వెంబడి గుండ్లకమ్మ పరిసరాల నుండి దక్షిణంగా తిరునల్వేలి దాకా వ్యాపించిన దేశానికి కర్ణాటక పాయన్‌ఘాట్ అని పేరు. దాని ముఖ్య పట్టణం ఆర్కాటు. నెల్లూరు సర్కారు ఆ రాజ్యానికి ఉత్తరపు కొస. పెన్నకు ఉత్తరాన ఆత్మకూరు, దానికి వాయవ్యంగా వెలుగొండల పాదాన ఉదయగిరి ఉన్నాయి. ఉదయగిరి కొండ మూడు వేల అడుగులకు పైగా ఎత్తు గలది. తీరభూమి నుండి పడమటి సీమకు పోయే దారులపై కన్నువేసి ఉంచగల స్థానం కనుకనే గజపతులు, రాయలు, గోల్కొండ సుల్తానులు ఒకరి తరువాత ఒకరు దాని కోసం పోరాడారు.

1640లలో ఈ దుర్గం గోల్కొండ వశమైంది. కొండ మీది మసీదులోని పారసీ శాసనం అబ్దుల్లా కుతుబ్ షా కాలాన్ని స్మరిస్తుంది. 1687లో గోల్కొండ పతనంతో ఈ సీమ మొగలు సామ్రాజ్యంలో భాగమైంది. ఔరంగజేబు అనంతరం ఆర్కాటులో నవాబులు, హైదరాబాదులో నిజాములు బలపడ్డారు. అయితే సిద్ధాంతరీత్యా ఆర్కాటు నవాబు దక్కను సుబేదారుకు లోబడినవాడే. ఇది పేరుకు మాత్రమే ఉన్న అధీనం కాదు. 1743లో మొదటి నిజాముల్ ముల్క్ స్వయంగా సైన్యంతో కర్ణాటకకు వచ్చి వ్యవహారాలు చక్కదిద్ది, ఆ మరుసటి సంవత్సరం అన్వరుద్దీన్ ఖానును నవాబుగా నియమించి వెళ్ళాడు. నియమించగలవాడు తొలగించగలడు కూడా.

ఈ కాలంలోనే ఈ సీమ ధార్మిక జీవితం ఒక రూపు దిద్దుకొంది. ఆత్మకూరుకు చేరువలోని అనుమసముద్రంపేటలో హజ్రత్ ఖాజా రహ్మతుల్లా నాయిబె రసూల్ స్థిరపడ్డారు. ఆ ఊరికి రహ్మతాబాద్ అనే పేరు వారి వలన వచ్చినదే. ఆయన శిష్యుల ద్వారా ఈ మారుమూల గ్రామానికి దక్కను అంతటా ప్రసిద్ధి కలిగింది. కోటలు చేతులు మారుతున్న శతాబ్దంలోనే దర్గాకు జనం చేరడం గమనార్హం.

అన్నదమ్ముల తగవు, అద్దె సైన్యం

1749 ఆగస్టు 3న ఆంబూరు యుద్ధంలో అన్వరుద్దీన్ మరణించాడు. ఆయన కుమారుడు ముహమ్మద్ అలీ ఖాన్ ఆంగ్లేయ కంపెనీ సహాయంతో గద్దె కోసం పోరాడాడు. ప్రత్యర్థి చందా సాహెబుకు ఫ్రెంచివారు తోడయ్యారు. ఈ యుద్ధాల వివరాలు పాఠశాల పుస్తకాలలో ఉన్నవే. మన విషయానికి కావలసింది ఒక్కటే. ముహమ్మద్ అలీ గెలుపు తన సైన్యంతో సంపాదించినది కాదు, ఖర్చు లెక్క కట్టి ఇచ్చిన కంపెనీ సైన్యంతో సంపాదించినది.

నెల్లూరులో దీనికి స్పష్టమైన ఉదాహరణ కనిపిస్తుంది. నెల్లూరు పాలకుడుగా ఉన్న నజీబుల్లా ఖాన్ నవాబుకు సోదరుడు. 1757లో అతడు అన్నగారికి కట్టవలసిన సొమ్ము కట్టక ఎదురు తిరిగాడు. తమ్ముణ్ణి లొంగదీయడానికి నవాబు కంపెనీనే ఆశ్రయించవలసి వచ్చింది. కర్నల్ ఫోర్డు సైన్యంతో వచ్చి ఆ ఏడాది మే నెలలో నెల్లూరు కోటను ముట్టడించి, విఫలుడై వెనుదిరిగాడు. ముట్టడి విఫలమైనా ఆ ఖర్చు నవాబు ఖాతాలోనే పడింది. సొంత ఇంటి తగవు తీర్చుకోవడానికి పరాయి సైన్యాన్ని అద్దెకు తెచ్చుకొన్న రాజ్యం, ఆ అద్దె కట్టడానికి రైతు మీద, అప్పు మీద ఆధారపడక తప్పదు.

పారిస్ నుండి మచిలీపట్నం దాకా

1760 జనవరిలో వందవాసి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. మరుసటి జనవరిలో పుదుచ్చేరి పడిపోయింది. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఐరోపా రాజుల మధ్య శాంతి కుదిరింది. ఆ సంధి 11వ నిబంధన ముహమ్మద్ అలీని కర్ణాటకకు న్యాయమైన నవాబుగాను, సలాబత్ జంగును దక్కనుకు న్యాయమైన సుబేదారుగాను గుర్తించింది. ఆ సంధి చర్చలలో కర్ణాటక ప్రతినిధి ఒక్కడూ లేడు, హైదరాబాదు ప్రతినిధి ఒక్కడూ లేడు. అంతకన్నా విచిత్రం, సంధి జరిగేనాటికి సలాబత్ జంగును అతని సోదరుడు నిజాం అలీ గద్దె దింపి ఏడు నెలలు కావచ్చింది. ఎక్కడో ఉన్న రాజులు తమకు తెలియని దేశానికి పాలకుణ్ణి నిర్ణయిస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అయినా ముహమ్మద్ అలీ ఆ నిబంధనను ఎంతో విలువైనదిగా భావించాడు. ఇంగ్లండు రాజు తనను గుర్తించాడు కనుక కంపెనీ కన్నా తాను పై మెట్టు మీద ఉన్నానని ఆయన వాదన. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం బంగాళా దివానీని కంపెనీకి ఇచ్చిన రోజులలోనే, కర్ణాటకను దక్కను సుబా అధీనం నుండి తప్పిస్తూ నవాబుకు కూడా ఫర్మానా ఇచ్చాడు. నవాబుకు వాలాజా అనే బిరుదు లభించింది. కాని ఢిల్లీ ఫర్మానాకు హైదరాబాదు ఒప్పుకోనంత వరకు అది సగం పత్రమే.

నిజాం అలీకి ఇది రుచించలేదు. 1766 నవంబరులో ఉత్తర సర్కారుల విషయమై కంపెనీతో ఒప్పందం చేసుకొన్నా, 1767లో ఆయన మైసూరు హైదర్ అలీతో చేతులు కలిపాడు. ఇదే మొదటి మైసూరు యుద్ధం. సెప్టెంబరులో చెంగం, తిరువణ్ణామలై వద్ద జరిగిన పోరాటాలు ఈ కూటమికి కలిసిరాలేదు. మరోవైపు కంపెనీ సేన ఒకటి సర్కారుల నుండి బయలుదేరి ఖమ్మంమెట్టు మీదుగా వరంగల్లు చేరింది. హైదరాబాదుకే ప్రమాదం ఏర్పడడంతో నిజాం హైదర్ అలీని విడిచి సంధికి ఒప్పుకొన్నాడు.

మచిలీపట్నం సంధి త్రైపాక్షికమైనది. కంపెనీ, నిజాం, కర్ణాటక నవాబు ముగ్గురూ అందులో పక్షాలే. నిజాం అందులో షా ఆలం ఫర్మానాను గుర్తించాడు. కర్ణాటకపై దక్కను సుబేదారుకు గల హక్కులను వదులుకొని, వాలాజానూ ఆయన వారసులనూ స్వతంత్రులుగా అంగీకరించాడు. గుంటూరు సర్కారు నిజాం సోదరుడు బసాలత్ జంగు జీవితకాలం వరకు అతని వద్ద ఉండాలని నిర్ణయమైంది. హైదర్ అలీ అక్రమ పాలకుడని ప్రకటించబడ్డాడు.

ఒకప్పుడు వేరొకరి సుబాలో భాగమైన రాజ్యం, యుద్ధం తరువాత, పూర్వపు అధిపతి సంతకంతోనే స్వతంత్రమైంది. ఉదయగిరి ఖిల్లాదారు గాని, ఆత్మకూరు కరణం గాని ఆ రోజు నుండి హైదరాబాదు వైపు చూడనక్కరలేదు. కాగితం మీద ఇంతకన్నా స్పష్టమైన స్వాతంత్ర్యం ఉండదు.

బొక్కసం ఎవరి చేతిలో?

కాని సంధి చెప్పని విషయాలు రెండున్నాయి. సైన్యం ఎవరిది? బొక్కసం ఎవరిది?

1760లలోనే నవాబు ఆర్కాటు విడిచి, మద్రాసులో కంపెనీ కోటకు కూతవేటు దూరంలో చేపాకు రాజప్రాసాదం కట్టుకొన్నాడు. కంపెనీకి సైనిక వ్యయం బాకీపడిన నవాబు, ఆ బాకీ తీర్చడానికి అదే కంపెనీ ఉద్యోగుల వద్ద వ్యక్తిగతంగా అప్పులు చేశాడు. సంవత్సరానికి వందకు ఇరవై, అంతకు మించిన వడ్డీలు కూడా నడిచాయి. 1767 నాటికి పేరుకుపోయిన అప్పును ఒక్కటిగా కూర్చి 10 శాతం వడ్డీకి లెక్క కట్టారు. 1777లో మరొక పెద్ద అప్పు 12 శాతానికి తేలింది. పాల్ బెన్‌ఫీల్డు వంటి ఋణదాతలు మద్రాసు గవర్నర్లనే శాసించగల స్థితికి వచ్చారు.

ఈ అప్పుల విధానం ఎలా పనిచేసిందో గ్రహిస్తే గ్రామాల స్థితి అర్థమవుతుంది. నవాబు తన ఋణదాతకు నగదు ఇవ్వలేక, ఫలానా తాలూకా శిస్తు నుండి ఇంత సొమ్ము తీసుకోవలసినదని తంఖా వ్రాసి ఇచ్చేవాడు. ఆ తంఖా పట్టుకొని ఋణదాత మనుషులు అమిల్దారుపై పడేవారు. అమిల్దారు పంట చేతికి రాకముందే షాహుకారు వద్ద అప్పు తెచ్చి కట్టి, తరువాత రైతు కళ్లంలో దానిని వసూలు చేసేవాడు. గ్రామాలను కొద్ది సంవత్సరాల గడువుకు ఇజారాకు తీసుకొన్నవాడు చెరువుకట్ట మరమ్మతు ఎందుకు చేయిస్తాడు? కట్ట నిలిచి ఫలితమిచ్చేనాటికి ఇజారా మరొకరిదవుతుంది. చెరువు నీటి మీదే బ్రతుకు సాగే మెట్టసీమలో ఈ నిర్లక్ష్యం ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. స్వతంత్ర రాజ్యమని సంధి ప్రకటించిన దేశంలో పండిన గింజ, నవాబు ఖజానాకు చేరకముందే మద్రాసు ఋణదాత చిట్టాలో జమ అవుతున్నది.

వాలాజాను కేవలం విలాసపురుషునిగా చిత్రించడం న్యాయం కాదు. ఆయన దర్బారు విద్యకు నిలయం. బుర్హాన్ ఖాన్ పారసీలో రచించిన తుజకె వాలాజాహీ ఆ కాలపు చరిత్రకు ముఖ్య ఆధారం. ఫిరంగీ మహల్ పండితుడు బహ్రుల్ ఉలూమ్ అబ్దుల్ అలీని మద్రాసుకు పిలిపించి ఆదరించినది ఆయనే. తన హోదా కోసం ఆయన చివరిదాకా వాదించాడు. 1770లో ఇంగ్లండు రాజు తరఫున సర్ జాన్ లిండ్సే వచ్చినప్పుడు, పారిస్ సంధిలోని 11వ నిబంధనకు ప్రాణం వచ్చినట్లే అనుకొన్నాడు. కాని రాజప్రతినిధులు వచ్చారు, పోయారు. అప్పు మాత్రం నిలిచింది.

ఒకే యుద్ధం, రెండు ఫలితాలు

1780 జూలైలో హైదర్ అలీ కర్ణాటకపై దండెత్తాడు. అంతకు ముందు సంవత్సరమే ఆయన కడప నవాబు అబ్దుల్ హలీం ఖానును ఓడించి ఆ రాజ్యాన్ని ఆక్రమించడం వలన వెలుగొండలకు పడమర మైసూరు అధికారం వచ్చి నిలిచింది. ఉదయగిరి సరిహద్దు దుర్గమైంది. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద కంపెనీ సేన ఘోరంగా దెబ్బతిన్నది. ఆ శరదృతువులోనే ఆర్కాటు హైదర్ వశమైంది.

ఈ కష్టకాలంలో, 1781 డిసెంబరు 2న, నవాబు తన రాజ్యపు శిస్తు వసూలు అధికారాన్ని ఐదేళ్లకు కంపెనీకి అప్పగించాడు. ఆరవ వంతు తన ఖర్చులకు ఉంచుకొన్నాడు. మచిలీపట్నం సంధికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఇక్కడ ప్రపంచ పటం మీద ఒకసారి దృష్టి సారించాలి. ఇదే కాలంలో అట్లాంటిక్ మహాసముద్రం అవతల అమెరికాలోని 13 ఆంగ్లేయ వలసలు ఇంగ్లండుతో పోరాడుతున్నాయి. ఫ్రాన్సు అమెరికన్లకు అక్కడ, మైసూరుకు ఇక్కడ తోడైంది. కడలూరు వద్ద పోరాటం సాగుతుండగా ఐరోపాలో శాంతి కుదిరిన వార్త వచ్చి, 1783 వేసవిలో ఫ్రెంచి సేన ఆయుధాలు దించింది. 1783 సెప్టెంబరు 3న పారిస్‌లో ఇంగ్లండు రాజు ఆ 13 రాష్ట్రాలను స్వతంత్ర రాజ్యాలుగా అంగీకరించాడు. ఆ సంధిపై బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్, జాన్ జే అనే ముగ్గురు అమెరికన్ ప్రతినిధులు స్వయంగా సంతకం చేశారు. దేశాన్ని కాపాడిన సైన్యం వారిది. యుద్ధపు అప్పులు వారికీ ఉన్నాయి. కాని పన్ను ఎవరు వేయాలి, ఎవరు వసూలు చేయాలి అనే అధికారాన్ని ఋణదాతకు అప్పగించలేదు. అసలు వారి పోరాటం మొదలైనదే తమ సమ్మతి లేని పన్ను మీద.

కర్ణాటక భూమి మీద జరిగిన యుద్ధం 1784 మార్చి 11న మంగళూరు సంధితో ముగిసింది. ఆ సంధి టిప్పు సుల్తానుకు, కంపెనీకి మధ్య కుదిరింది. కర్ణాటకలోని కోటలు, బందీల గురించి అందులో నిబంధనలున్నాయి. కాని కర్ణాటక తరఫున మాట్లాడినవారు కంపెనీ ప్రతినిధులే. 1768లో మూడవ పక్షంగా నిలిచిన నవాబు, 1784 నాటికి చర్చకు వస్తువుగా మిగిలాడు. ఒకే ప్రపంచ యుద్ధం ముగింపులో ఒక పరాధీన దేశం స్వతంత్రమైంది, స్వతంత్రమని పేరుపొందిన మరొక దేశం పరాధీనమైంది.

శిస్తు అధికారం 1785లో నవాబుకు తిరిగి వచ్చిన మాట నిజమే. అయితే అది రైతు మేలు కోసం వచ్చినది కాదు. ప్రైవేటు ఋణదాతల అప్పులను విచారణ లేకుండానే అంగీకరించి, ఏటా 12 లక్షల వరహాలు వాటికి చెల్లించే ఏర్పాటు దానితోపాటే వచ్చింది. 1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఈ అప్పుల బండారాన్ని సుదీర్ఘంగా బయటపెట్టాడు. ఆయన మాట నెగ్గలేదు. తరువాత కాలంలో నవాబుల అప్పులపై విచారణ సంఘం కూర్చున్నప్పుడు 3 కోట్ల పౌన్లకు పైగా దావాలు వచ్చాయి. వాటిలో న్యాయమైనవిగా తేలినవి పదవ వంతుకు కూడా రాలేదు. బర్క్ చెప్పినది నిజమని అప్పటికి లెక్కలే నిరూపించాయి, కాని రాజ్యం అప్పటికే పోయింది.

1787, 1792 ఒప్పందాలు ఉచ్చును మరింత బిగించాయి. సైన్యం ఖర్చుకు ఏటా 9 లక్షల వరహాలు, అప్పులకు మరి 6 లక్షల పైచిలుకు వరహాలు చెల్లించాలి. యుద్ధం వస్తే రాజ్యపాలన మొత్తం కంపెనీ చేతికి పోవాలి. పాలెగాళ్ల పేష్కష్ వసూలు కూడా కంపెనీకే దక్కింది. వెంకటగిరి వంటి సంస్థానాలు ఆనాటి నుండి చెల్లింపు ఎవరికి చేయాలో, భయం ఎవరికి చూపాలో గ్రహించాయి.

1801: సంతకం చేయనివాడు, చేసినవాడు

1795లో వాలాజా మరణించాడు. ఆయన కుమారుడు ఉమ్దతుల్ ఉమరా నవాబయ్యాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమైన తరువాత, టిప్పు దఫ్తరులో నవాబుల లేఖలు దొరికాయని కంపెనీ ప్రకటించింది. కుట్ర జరిగిందని అభియోగం. ఆ లేఖలలో ఉన్న మర్యాదపూర్వక పలుకుల నుండి కుట్రను నిరూపించడం కష్టమని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయం. కాని గవర్నర్ జనరల్ వెల్లస్లీకి కావలసినది నిరూపణ కాదు, నెపం.

1801 జూలైలో ఉమ్దతుల్ ఉమరా మరణశయ్యపై ఉండగానే కంపెనీ సైనికులు చేపాకు ప్రాసాదంలో ప్రవేశించారు. 15వ తేదీన నవాబు మరణించాడు. ఆయన వారసునిగా ప్రకటించిన యువకుడు అలీ హుసేన్ ముందు ఒక షరతు పెట్టారు. రాజ్యపాలన కంపెనీకి వదిలివేస్తే బిరుదు, భరణం ఉంటాయి, లేకుంటే రెండూ ఉండవు. అలీ హుసేన్ చివరకు ఒప్పుకోలేదు. అప్పుడు వాలాజా మరొక మనుమడు అజీముద్దౌలాను తెచ్చి కూర్చోబెట్టారు. జూలై 31న ఆయన సంతకం చేశాడు. నికర శిస్తులో అయిదవ వంతు నవాబుకు, పరిపాలన యావత్తూ కంపెనీకి. నెల్లూరు ఆ రోజుతో ఆంగ్లేయ జిల్లా అయింది. అలీ హుసేన్ 1802 ఏప్రిల్‌లో మరణించాడు.

ఇస్లామీ ధర్మశాస్త్రంలో దేశాల మధ్య వ్యవహారాలను చర్చించే భాగానికి సియర్ అని పేరు. హిజ్రీ 189లో మరణించిన ఇమామ్ ముహమ్మద్ షైబానీ ఈ విషయంపై విపులంగా వ్రాసిన తొలి ఆచార్యులలో అగ్రగణ్యుడు. ఒప్పందాన్ని నిలబెట్టడం ఎంత విధాయకమో, అది నిజమైన సమ్మతితో జరగడం అంత అవసరమని ఫుకహా గుర్తించారు. బలవంతపెట్టి చేయించిన క్రయవిక్రయం హనఫీ మతంలో ఫాసిద్. ఈ ప్రమాణంతో చూస్తే 1801 నాటి పత్రం ఏమిటో చెప్పనక్కరలేదు. ఒప్పుకోనివాణ్ణి తొలగించి, ఒప్పుకొనేవాణ్ణి వెదకి తెచ్చి రాయించినది ఒప్పందం కాదు, ఆక్రమణకు తొడిగిన అంగీ.

ఉదయగిరి జాగీరు

ఆత్మకూరు సర్కారు గ్రామాలు కంపెనీ కలెక్టరు కిందికి వెళ్ళగా, ఉదయగిరి స్థితి కొంత వేరు. ఇది నవాబు ముస్తఫా అలీ ఖానుకు ఇచ్చిన జాగీరు. ఆయన వంశీకులు 1801 తరువాత కూడా దానిని అనుభవించారు. నవాబు పోయినా నవాబు ఇచ్చిన జాగీరు మిగిలింది.

కాని చుట్టూ ఏమున్నదో చూడాలి. ఉత్తరాన గుంటూరు 1788లోనే కంపెనీకి చేరింది. పడమట కడప 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాలతో కలిసిపోయింది. తూర్పు, దక్షిణాలలో నెల్లూరు 1801లో పోయింది. నాలుగు దిక్కులా కంపెనీ కచేరీల మధ్య ఉదయగిరి జాగీరు ఒక ద్వీపం వలె మిగిలింది. సమీపంలో పాలకుడని చెప్పదగిన ముస్లిం ప్రభువులలో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఒకడు.

1839లో ఈ ద్వీపం కూడా మునిగిపోయింది. హైదరాబాదులో నిజాం సోదరుడు ముబారిజుద్దౌలా, కర్నూలులో గులాం రసూల్ ఖాన్ కంపెనీకి వ్యతిరేకంగా యుద్ధసన్నాహాలు చేస్తున్నారని ఆరోపణలు వచ్చాయి. ఈ వ్యవహారాన్ని ఆంగ్లేయులు వహాబీ కుట్ర అన్నారు. ముబారిజుద్దౌలాను గోల్కొండ కోటలో నిర్బంధించారు. అక్టోబరులో కర్నూలును ఆక్రమించి, జొహరాపురం వద్ద పోరాటం తరువాత గులాం రసూల్ ఖానును పట్టుకొని తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి సంవత్సరం ఆయన అక్కడ హత్యకు గురయ్యాడు. కర్నూలు నవాబుతో సంబంధం ఉన్నదని ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖానుపై నేరం మోపి, జాగీరును స్వాధీనం చేసుకొని, ఆయనను చెంగల్పట్టుకు పంపివేశారు.

అబ్బాస్ అలీ ఖాన్ విషయంలో సంధి ప్రసక్తే లేదు. ఆయన చేతిలో ఉన్నది ఒక పాత సనదు. ఆ సనదు ఇచ్చిన నవాబీ లేదు. దానిని గుర్తించినవాడే దానిని రద్దు చేశాడు. 1801లో కర్ణాటక మొత్తానికి జరిగినదే, 1839లో ఒక్క కొండ కింది జాగీరులో చిన్న రూపంలో జరిగింది. గుర్తింపు ఇచ్చేవాడు, కాపలా కాసేవాడు, లెక్క చూసేవాడు ఒక్కడే అయినప్పుడు హక్కు అనే మాటకు అతని దయ అనే అర్థమే మిగులుతుంది.

చెపాకులో పేరుకు మిగిలిన నవాబీ కూడా 1855లో గులాం గౌస్ ఖాన్ నిస్సంతుగా మరణించడంతో రద్దయింది. తరువాత ఆ వంశానికి ఆర్కాటు ప్రిన్స్ అనే బిరుదు మాత్రం ఇచ్చారు.

ఇరవయ్యవ శతాబ్ది అనుభవం

యుద్ధానంతర సంధులు ఇరవయ్యవ శతాబ్దిలోనూ ఇదే ప్రశ్నను ముస్లిం దేశాల ముందుంచాయి. నాలుగేళ్ల పోరాటం తరువాత 1949లో హేగ్ నగరంలో జరిగిన సమావేశంలో హాలెండు ఇండోనేషియా సార్వభౌమత్వాన్ని అంగీకరించింది. డిసెంబరు 27న అధికార బదిలీ జరిగింది. కాని వలస ప్రభుత్వం చేసిన అప్పులలో 430 కోట్ల గిల్డర్లను కొత్త రాజ్యం నెత్తికెత్తుకోవలసి వచ్చింది. తమను అణచడానికి పెట్టిన ఖర్చు కూడా తామే తీర్చాలా అని ఇండోనేషియన్లు ప్రశ్నించారు. 1956లో ఆ అప్పును నిరాకరించారు.

1962 మార్చి 18న ఎవియాన్‌లో ఫ్రాన్సుకు, అల్జీరియా విమోచన సమితికి మధ్య కుదిరిన ఒప్పందం ఏడేళ్లకు పైగా సాగిన యుద్ధాన్ని ముగించింది. జూలైలో ప్రజాభిప్రాయం తీసుకొని అల్జీరియా స్వతంత్రమైంది. అయితే మెర్స్ ఎల్ కబీర్ నౌకాస్థావరం 15 ఏళ్లు ఫ్రాన్సుకే ఉండాలని, సహారా చమురులో ఫ్రెంచి కంపెనీల హక్కులు కొనసాగాలని అదే ఒప్పందం చెప్పింది. స్థావరాన్ని ఫ్రెంచివారు గడువుకు ముందే, 1968లో ఖాళీ చేశారు. 1971 ఫిబ్రవరి 24న అల్జీరియా తన చమురును చాలావరకు స్వాధీనం చేసుకొంది. సంధి మొదలుపెట్టిన స్వాతంత్ర్యాన్ని పూర్తి చేయడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది.

ఈ దేశాలకు, వాలాజాకు తేడా ఎక్కడ? షరతులు అక్కడా కఠినమే. కాని ఆ దేశాల వెనుక పోరాడి నిలిచిన ప్రజలున్నారు, సొంత సైన్యం ఉన్నది. అందుచేత సంధిలోని చెడ్డ షరతును కాలం చూసి తీసివేయగలిగారు. కర్ణాటకలో రైతుకు ఆ స్వాతంత్ర్యంతో సంబంధమే లేదు. ఆత్మకూరు సీమ రైతుకు నిజాం అధీనం పోయి నవాబు స్వతంత్రుడైనాడన్న వార్త అందిందో లేదో గాని, తంఖా పట్టుకొచ్చినవాడు మాత్రం తప్పక అందాడు. తన రాజ్యం అని రైతు భావించని రాజ్యాన్ని కాపాడటానికి రైతు కదలడు.

ఉపసంహారం

వాలాజా చేసిన పొరపాటు సంధి చేసుకోవడం కాదు. సంధి లేనిదే శాంతి లేదు. దూరాన ఉన్న పాత అధిపతి నుండి విడిపోవాలన్న ఆత్రుతలో, పక్కన ఉన్న కొత్త అధిపతిని ఆయన మిత్రుడని భావించాడు. నిజాం నుండి విడుదల పత్రం సంపాదించడానికి ఎవరి సైన్యం కావలసి వచ్చిందో, ఆ సైన్యానికి జీతం ఎవరు ఇస్తున్నారో, ఆ జీతానికి అప్పు ఎవరు ఇస్తున్నారో లెక్క చూసుకొని ఉంటే, 1768 నాటి పత్రం విడుదల పత్రం కాదని, తాకట్టు పత్రమని తెలిసివుండేది.

ఉదయగిరి, ఆత్మకూరుల చరిత్ర వ్రాయబూనినవారు కోటల ముట్టడులతో పాటు ఈ ఖాతా పుస్తకాలను కూడా తిరగవేయాలి. 1514లో ఉదయగిరి కోట పడిపోవడానికి నెలల తరబడి ముట్టడి కావలసి వచ్చింది. 1801లో అదే సీమ ఒక్క గుండు పేలకుండా, మద్రాసులో చేసిన ఒక్క సంతకంతో పోయింది. రెండవ ఓటమికి కారణాలు మొదటి దాని కన్నా జాగ్రత్తగా అధ్యయనం చేయదగినవి. ఎందుకంటే ఫిరంగులతో కోటలు కూల్చే కాలం గడిచిపోయినా, అప్పు పత్రాలతో దేశాలను కట్టివేసే కాలం ఇంకా గడిచిపోలేదు.